రోబో పడవ కొంటే చెరువు బాగుపడుతుందా?

పోయిన నెల ఈ శీర్షికలో చెరువుల కంపు గురించి రాస్తూ, ఇప్పుడు మనిషి లేకుండా వాటంతట అవే తిరిగే రోబో పడవలు కూడా వస్తున్నాయని చివర్లో ఒక ముక్క వదిలాను. కంపు గురించి ఒక్కరూ అడగలేదు, ఉత్తరాలన్నీ రోబో మీదే. సరే, ఈసారి మొత్తం దానికే. పేర్లు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ కాబట్టి ఎవరి పేరూ వేయట్లేదు.

ప్రశ్న: సార్, మా అపార్ట్‌మెంట్ల వెనకే చెరువు. సాయంత్రం బాల్కనీ తలుపు తీశామంటే ముక్కు పగిలిపోతుంది. ఈమధ్య ఒకాయన వచ్చి సోలార్‌తో నడిచే రోబో పడవ వీడియో చూపించాడు. చెత్త అదే ఏరుకుంటుందట, నీళ్లు అదే శుభ్రం చేస్తుందట, మనం ఫోన్లో చూసుకుంటూ కూర్చోవడమేనట. 18 లక్షలు చెప్పాడు. అసోసియేషన్‌లో సగంమంది కొనేద్దాం అంటున్నారు. ఏం చేయమంటారు?
- అసోసియేషన్ కోశాధికారి, హైదరాబాద్

జవాబు: కొనకండి.

ముక్కు పగలగొట్టే ఆ వాసన పైన తేలే కవర్ల నుంచీ సీసాల నుంచీ రావట్లేదండీ. మురుగు వచ్చి నీళ్లలో కలిశాక దాన్ని తినే బ్యాక్టీరియా నీళ్లలోని ఆక్సిజన్ అంతా వాడేసుకుంటుంది, అడుగు బురదలో ఇక ఆక్సిజన్ అనేదే మిగలదు, అప్పుడు ఆక్సిజన్ అక్కర్లేని ఇంకో రకం బ్యాక్టీరియా రంగంలోకి దిగి హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతుంది. కుళ్లిన కోడిగుడ్డు వాసన అదే. మీకు చూపించిన పడవకి ముందు భాగంలో ఒక బుట్ట ఉంటుంది, అది ముందుకి పోతుంటే తేలే వస్తువులు అందులోకి వస్తాయి. నీళ్లలో కరిగిపోయిన మురుగు ఆ బుట్టలోంచి హాయిగా జారిపోతుంది. జల్లెడతో సాంబారు వడకడితే ముక్కలు ఆగుతాయి గానీ సాంబారు ఆగుతుందా?

రెండేళ్ల కిందట నేనూ ఇలాంటి డెమోకి వెళ్లాను. చెరువు పేరు, కంపెనీ పేరు ఎందుకులెండి. రిబ్బన్ కట్టారు, కొబ్బరికాయ కొట్టారు, పడవ ముచ్చటగానే కదిలింది. కట్ట నుంచి ఓ నలభై అడుగులు వెళ్లిందో లేదో ఆగిపోయింది. ఆపరేటర్ కుర్రాడు ట్యాబ్ మీద వేలితో ఎంత రుద్దినా కదలదు. అటుపక్క థర్మకోల్ తెప్ప మీద వల సర్దుకుంటున్న ఇద్దరు జాలర్లు కాసేపు చోద్యం చూసి, ఇక లాభం లేదని తెప్ప వేసుకెళ్లి దాన్ని తాడుతో లాక్కొచ్చారు. బోర్లా తిప్పి చూస్తే ప్రొపెల్లర్ చుట్టూ గుర్రపు డెక్క కలుపు వేళ్లు, వాటితో కలిసిపోయి ఎర్రటి జాకెట్ ముక్క ఒకటి, ఎవరో దండతో పాటు వదిలిన పసుపుతాడు. బ్లేడుతో కోసి తీయడానికి అరగంట పట్టింది. వీడియోల్లో కనిపించే నీళ్లు వేరు, మన చెరువుల్లో నీళ్లు వేరు. అందుకే మీ దగ్గరికి వచ్చినాయనకి, మా చెరువులోనే ఒక నెల తిప్పి చూపించు, బుట్ట నిండితే ఎవరు దించుతారో, ఎక్కడ పోస్తారో కూడా కాగితం మీద రాసివ్వు అని చెప్పండి. మళ్లీ వస్తే అప్పుడు మాట్లాడొచ్చు.

చెత్త ఏరే రోబోలే దండగ అనడం నా ఉద్దేశం కాదు. షిల్లాంగ్ ఊరి చెత్త వాగుల్లో కొట్టుకొచ్చి ఉమియమ్ జలాశయంలో పడుతుంది, అక్కడ హాంకాంగ్‌లో పుట్టిన క్లియర్‌బాట్ అనే రోబో పడవని దింపి చూశారు. నీళ్లు లోతుగా, కలుపు తక్కువగా, సమస్య ప్లాస్టిక్కే అయినచోట దానికి పని ఉంటుంది. మీ సమస్య అది కాదు.

హుస్సేన్ సాగర్ సంగతే చూడండి. 1562 ప్రాంతంలో కట్టిన చెరువు, అందులోకి వచ్చే నాలాలు పికెట్, బంజారా, బల్కాపూర్, కూకట్‌పల్లి. జీడిమెట్ల, బాలానగర్, సనత్‌నగర్ ఫ్యాక్టరీల రసాయనాలని ఏళ్ల తరబడి మోసుకొచ్చింది ఆ కూకట్‌పల్లి నాలాయే. 2006 నుంచి జపాన్ అప్పుతో వందల కోట్లు పెట్టారు, పైన చెత్త ఎత్తే మిషన్లు కూడా తిరుగుతూనే ఉన్నాయి, అయినా ఎండాకాలం నెక్లెస్ రోడ్డు మీద కారు అద్దం దించి చూడండి. దీనికి ఎదురు ఉదాహరణ అమెరికాలో సియాటెల్ దగ్గర లేక్ వాషింగ్టన్. చుట్టూ ఊళ్ల మురుగు అందులోనే పడేది, నీళ్లు ఎంత చిక్కబడ్డాయంటే మీటరు లోతులో పెట్టిన తెల్ల పళ్లెం కూడా కనపడేది కాదు. 1963 నుంచి 1968 లోపు మురుగు మొత్తాన్ని పైపులతో పక్కకి మళ్లించారు, అంతే, కొన్నేళ్లకే ఆ పళ్లెం మూడు మీటర్ల లోతులోనూ కనపడింది. అప్పుడు రోబో లేదు, పాడూ లేదు.

కాబట్టి ఆ 18 లక్షలు అలాగే ఉంచి ముందు ఒక పని చేయండి. మీ కాంప్లెక్స్ ఎస్టీపీ (మురుగు శుద్ధి ప్లాంటు) నీళ్లు చివరికి ఎక్కడికి పోతున్నాయో, రాత్రి పదకొండు తర్వాత మోటార్ నిజంగా నడుస్తోందో లేదో మీ మెయింటెనెన్స్ అబ్బాయిని పక్కన పెట్టుకుని స్వయంగా వెళ్లి చూడండి. కోపం తెచ్చుకోకండి, ఇలా అడిగిన ముగ్గురిలో ఇద్దరి కథ అక్కడే తేలింది.

ప్రశ్న: నీళ్ల క్వాలిటీ చూసే రోబోలు వేరే ఉంటాయని చదివాను. బాటిల్‌లో నీళ్లు పట్టి ల్యాబ్‌కి పంపితే సరిపోయేదానికి రోబో ఎందుకు సార్? అది అంత కొత్తగా ఏం చూస్తుంది?
- డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: మంచి ప్రశ్నమ్మా, నిజం చెప్పాలంటే రోబో గురించి అసలు కథ ఇక్కడే ఉంది.

బాటిల్‌లో పట్టిన నీళ్లు ఒక చోటివి, ఒక పూటవి. శాంపిల్ తీసేవాళ్లు ఆఫీసు టైములో వస్తారు, పదకొండింటికో పన్నెండింటికో, జీపు ఆగడానికి వీలైన చోట కట్ట మీద నిలబడి తాడు కట్టిన బకెట్ విసురుతారు. నేనూ అలాగే విసిరాను చాలా ఏళ్లు. ఆ టైముకి ఎండ ఉంటుంది, పచ్చగా ఉన్న చెరువులో నాచు కిరణజన్య సంయోగక్రియతో ఆక్సిజన్ దండిగా వదులుతుంటుంది. 30 డిగ్రీల నీళ్లలో మామూలుగా లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, మధ్యాహ్నం పచ్చ చెరువులో పదో పన్నెండో కూడా చూపిస్తుంది. రిపోర్టు చూస్తే బ్రహ్మాండం! అదే చెరువుకి తెల్లవారుజామున నాలుగున్నరకి వెళ్లండి. రాత్రంతా నాచు కూడా మనలాగే ఆక్సిజన్ పీల్చుకుంటుంది, ఒకటో ఒకటిన్నరో మిగిలి ఉంటుంది. చేపల పెంపకానికి పనికొచ్చే నీళ్లకి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన గీత కనీసం 4. మీ వరంగల్‌లో సంగతేమో గానీ భీమవరం, కైకలూరు వైపు ఏ రొయ్యల రైతుని అడిగినా డీవో (నీళ్లలో కరిగిన ఆక్సిజన్) ఎంత అంటే నిద్రలో కూడా చెబుతాడు, పొద్దున్నే నాలుగింటికి టార్చిలైటు పట్టుకుని చెరువు గట్టు మీద తిరిగేది దానికోసమే.

రోబో పడవ చేసే పని ఆ టార్చిలైటు రైతు పనే. జీపీఎస్‌తో చెరువంతా గీతలు గీసుకుని, మన ఎద్దులు చాలు చివర తిరిగి పక్క చాలు పట్టినట్టు, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు పోతుంది. (ఈ రకం నడకకి గ్రీకులు పెట్టుకున్న పేరుకి అర్థం కూడా ఎద్దు తిరిగినట్టు అనే, ఇంజినీర్లు ఇప్పటికీ ఆ మాటే వాడతారు.) పోతూ పోతూ కొన్ని సెకన్లకోసారి డీవో, పీహెచ్ (నీళ్లు ఆమ్లమా క్షారమా చెప్పే అంకె), వేడి, మడ్డి, కండక్టివిటీ (నీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పోతుందో), కొన్నిటిలో నాచు ఎంతుందో కూడా కొలుస్తుంది. సాయంత్రానికి చెరువు మొత్తం రంగుల మ్యాపు వస్తుంది. మురుగులో ఉప్పులు ఎక్కువ కాబట్టి కండక్టివిటీ పెరిగిన చోట ఎర్రగా కనిపిస్తుంది, ఆ ఎరుపు ఏ మూల నుంచి తోకలా సాగుతోందో చూస్తే దొంగ పైపు ఎక్కడుందో తెలిసిపోతుంది. కట్ట మీద నుంచి బకెట్ విసిరి వందేళ్లయినా ఇది పట్టుకోలేం.

రోబో కొలవలేనివీ చాలానే ఉన్నాయి. బీవోడీ అంటే, మురుగుని తినే బ్యాక్టీరియా ఎంత ఆక్సిజన్ వాడుకుంటుందో తెలుసుకోవడానికి మన దేశంలో నీళ్లని 27 డిగ్రీల దగ్గర మూడు రోజులు మూసిపెట్టి చూసే పరీక్ష, దాన్ని పడవ మీద అప్పటికప్పుడు చేయడం కుదరదు. మలంలో ఉండే కోలిఫాం బ్యాక్టీరియా లెక్కా అంతే. వాటికి బాటిల్, ల్యాబ్ తప్పవు, రోబో ఎక్కడ పట్టాలో చెబుతుంది.

ఇంకో తలనొప్పి, సెన్సర్లు మురికి పట్టడం. ఒకసారి మురుగు చెరువులో వారం ఉంచిన డీవో సెన్సర్‌ని బయటికి తీసి చూశాను. మూత మీద చింతపండు గుజ్జు రాసినట్టు గోధుమరంగు పొర, దాని అంచున ఆవగింజంత నత్త ఒకటి హాయిగా కాపురం పెట్టింది. స్క్రీన్ మీద 0.8. టూత్‌బ్రష్‌తో మెల్లగా కడిగి మళ్లీ అదే నీళ్లలో పెడితే 3.1. మధ్యలో వచ్చిన రీడింగులన్నీ ఆ బురద పొరవే, చెరువువి కావు. కాబట్టి ఎవరైనా ఆటోమేటిక్ సెన్సర్ అంటే, ఎవరు కడుగుతారు, ఎన్ని రోజులకి అని అడగడం అలవాటు చేసుకో.

స్విట్జర్లాండ్ వాళ్లు 2017లో జెనీవా సరస్సులో ఎన్విరోబాట్ అని ఒకదాన్ని వదిలారు. ప్రొపెల్లరే లేదు, పాములాగా మెలికలు తిరుగుతూ ఈదుతుంది, మనిషి ఎత్తుకి కాస్త తక్కువ పొడవు. అడుగు బురద రేగదు, కలుపు చుట్టుకోదు. అందులో ఒక గదిలో బ్యాక్టీరియా, నీటి ఈగల్లాంటి ప్రాణుల్ని పెట్టి, విషం తగిలితే అవి ఎలా ఉంటాయో చూసే ఏర్పాటు కూడా ఆలోచించారు. నాకు భలే నచ్చింది అది.

ప్రశ్న: అయ్యా, మాది మత్స్య సహకార సంఘం. తొలకరి వాన పడ్డ మర్నాడు పొద్దున చెరువులో చేపలన్నీ తెల్లగా తేలినయి. ఫ్యాక్టరోళ్లు వదిలిండ్రని మేం, ఆక్సిజన్ తగ్గిందని ఆఫీసర్లు. రోబో పెట్టుకుంటే మాకు నష్టం తప్పుతుందా?
- సంఘం సభ్యుడు, సంగారెడ్డి జిల్లా

జవాబు: అన్నా, మీకు రోబో పడవ కంటే ఒకచోట కట్టేసిన తెప్ప మంచిది.

ముందు సంగతి చెప్తా. రెండు మాటలూ నిజం కావొచ్చు. ఎండాకాలమంతా కాలువలో ఎండిన మురుగు, తొలకరి నీళ్లతో ఒక్కసారిగా చెరువులోకి వస్తుంది. దాన్ని కుళ్లబెట్టడానికే ఉన్న ఆక్సిజన్ అంతా ఖర్చయిపోతుంది, పైన మబ్బు పట్టి ఉంటే నాచు కొత్తది చేయదు, అడుగు బురద పైకి లేస్తుంది. ఆ రాత్రి చేప గడవదు. వానలో దొంగచాటుగా రసాయనం వదిలేవాళ్లూ ఉన్నారు, వాన నీళ్లలో కలిసిపోతుందని వాళ్ల ధీమా. ఏది జరిగిందో తేల్చేది ఆ రాత్రి రీడింగులే, మర్నాడు మధ్యాహ్నం వచ్చి పట్టిన బాటిల్ కాదు. అందుకే కాలువ చెరువులో కలిసేచోట ఒకటి, నడుమ ఒకటి డ్రమ్ముల తెప్ప కట్టి, దానికి డీవో, పీహెచ్, కండక్టివిటీ సెన్సర్లు, సోలార్ పలక, సిమ్ కార్డు పెడితే గంట గంటకీ ఫోనుకి వస్తుంది. డీవో మెల్లగా రాత్రంతా పడిపోతే అది మురుగు పని. పీహెచ్ ఒక్క గంటలో ఏడున్నర నుంచి నాలుగుకో పదికో దూకితే అది వాన చేసిన పని కాదు, ఎవరో వదిలారు. డీవో 3 దాటి కిందికి పోతున్నప్పుడు ఏరేటర్ (నీళ్లలోకి గాలి ఎక్కించే మిషన్) దానంతట అదే ఆన్ అయ్యేలా కూడా కలపొచ్చు, ఆక్వా రైతులు చేస్తున్నదే. చిన్న చెరువైతే సరిపోతుంది, వందెకరాల చెరువుకి నాలుగు ఏరేటర్లంటే ఏనుగు నోట్లో అటుకులే.

పీహెచ్ ఎక్కువగా ఉంటే ఇంకో ప్రమాదం. నీళ్లలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది, పీహెచ్ పెరిగేకొద్దీ చేపకి విషమయ్యే రూపం ఎక్కువవుతుంది. పచ్చ చెరువులో మధ్యాహ్నం పీహెచ్ తొమ్మిది దాటుతుంది కాబట్టి కొన్నిసార్లు చేప తెల్లారేటప్పుడు కాదు, మధ్యాహ్నమే చస్తుంది. టైము రాసి పెట్టుకోండి, సగం కేసు అక్కడే తేలుతుంది.

మళ్లీ ఇట్లా జరిగితే, చేపల్ని ఎత్తి గుట్ట పోసే ముందు, నీళ్లు కదలని చోట, కాలువ నోటి దగ్గర, అలుగు దగ్గర శుభ్రమైన సీసాల్లో గాలి బుడగ లేకుండా నిండా పట్టి ఐసులో పెట్టండి. కుళ్లిన చేప కాదు, ఇంకా మొప్పలు కొట్టుకుంటున్న చేప ఒకటి రెండు ఐసులో పెట్టండి. టైము పడేలా ఫోటోలు తీయండి. మత్స్యశాఖకి, కాలుష్య నియంత్రణ మండలికి ఒకేసారి ఫోన్ చేసి, పంచనామా కాగితం మీద మీ సంఘం వాళ్ల సంతకం లేకుండా శాంపిల్ తీసుకుపోనివ్వకండి.

ప్రశ్న: కొల్లేరు ఒడ్డు ఊరు మాది. కాలువలన్నీ గుర్రపు డెక్కే. రోబోలు వదిలితే తినేస్తాయా?
- రైతు, కైకలూరు దగ్గర

జవాబు: తినేస్తే ఎంత బాగుండును! లెక్క వేద్దాం రండి. దట్టంగా పట్టినచోట గుర్రపు డెక్క ఎకరానికి 100 టన్నుల దాకా తూగుతుంది, అందులో 90 శాతం పైగా నీళ్లే. చిన్న రోబో పడవ రోజుకి అర టన్ను ఎత్తుతుంది అనుకుందాం, కంపెనీవాళ్లే చెప్పుకునే లెక్క అది. అంటే ఎకరానికి 200 రోజులు. ఈలోపు ఆ మొక్క రెండు వారాలకోసారి రెట్టింపవుతుంది. ఇక చెప్పేదేముంది. దానికి కోసి ఎత్తే పెద్ద హార్వెస్టర్లో, గట్టు మీద నుంచి పొక్లెయినో కావాలి, ఎత్తింది ఆ గట్టు మీదే పోస్తే మొదటి వానకి మళ్లీ కాలువలోకే జారుతుంది, మీరు చూసే ఉంటారు. పైగా దాని విత్తనాలు బురదలో పదిహేను ఇరవై ఏళ్లు బతుకుతాయి. దాన్ని తినే ముక్కుపురుగుల్ని 1980ల్లోనే మన దేశానికి తెచ్చి బెంగళూరులో, మణిపూర్ లోక్తక్‌లో వదిలారు, బాగానే పనిచేశాయి, కాకపోతే రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి. మనకి లేనిది అదే.

కొల్లేరు కథ ఇంకా పెద్దది. బుడమేరు, తమ్మిలేరు, ఊళ్ల డ్రైన్లు అన్నీ అందులోకి, బయటికి దారి ఉప్పుటేరు ఒక్కటే. 2006లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపల చేపల చెరువుల గట్లు పేల్చారు, తర్వాత ఏం జరిగిందో మీకు నేను చెప్పాలా. అక్కడ రోబో ఏదైనా చేయగలిగితే ఏ డ్రైన్ ఏం తెస్తోందో నెల నెలా మ్యాపు గీయడమే.

ప్రశ్న: మేం ఓహాయోలో టొలీడో దగ్గర ఉంటాం. ఎండాకాలం వస్తే లేక్ ఎరీలో ఆల్గే అంటారు, 2014లో నీళ్లు తాగొద్దన్న సంగతి ఇక్కడ పాత తెలుగువాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఇంత డబ్బున్న దేశం రోబోలు పెట్టి బాగుచేయలేదా?
- ఐటీ ఉద్యోగి, అమెరికా

జవాబు: పెట్టారు, కానీ బాగుచేయడానికి కాదు. 2014 ఆగస్టు 2న మీ ఊళ్లో నాలుగు లక్షలమందికి పైగా జనానికి కుళాయి నీళ్లు తాగొద్దన్నారు కదా, కారణం మైక్రోసిస్టిన్ అనే విషం, నీలి ఆకుపచ్చ నాచు తయారుచేసేది. మనవాళ్లు అయితే మరగబెట్టి తాగేద్దాం అనుకుంటారు, మరగబెడితే నీళ్లు ఆవిరై ఆ విషం ఇంకా చిక్కబడుతుంది. అప్పట్లో శాంపిల్ పడవలో తెచ్చి ల్యాబ్‌లో చూసేసరికి నీళ్లు పైపుల్లోకి వచ్చేసేవి. 2018లో మాంటెరీ బే పరిశోధనా సంస్థవాళ్లు, నోవా (సముద్రాలు, వాతావరణం చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) వాళ్లు కలిసి టార్పెడో ఆకారంలో ఉండే రోబోని లేక్ ఎరీ పడమటి భాగంలో దింపారు. అది తనంతట తాను నీళ్లు పీల్చి, వడకట్టి, కడుపులోనే పరీక్ష చేసి, విషం ఎంతుందో చెప్పే ప్రయత్నం. నీళ్లు ఫిల్టర్ చేసేవాళ్లకి ముందే కబురందితే మందు పెంచుకుంటారు, ఊరు ఊరంతా సీసా నీళ్ల కోసం పరుగెత్తనక్కర్లేదు. నాకైతే ఇంతకంటే సార్థకమైన రోబో పని కనపడలేదు.

నాచుకి తిండి మాత్రం మామీ నది తెచ్చే ఫాస్ఫరస్, పొలాల ఎరువు, పశువుల పేడ. కెనడావాళ్లు 1973లోనే ఒంటారియోలో ఒక చిన్న సరస్సు నడుమ తెర కట్టి, ఒకపక్క కార్బన్, నత్రజని మాత్రమే, రెండోపక్క వాటితో పాటు ఫాస్ఫరస్ కూడా కలిపి చూశారు. ఫాస్ఫరస్ పడ్డ పక్క పచ్చగా మారిపోయింది, రెండోది మామూలుగానే ఉంది. పై నుంచి తీసిన ఆ ఫోటో ఒక్కసారి వెతికి చూడండి, ఇక ఎవరూ మీకు వాదించి చెప్పనక్కర్లేదు. నాచుని శబ్ద తరంగాలతో చంపే తేలుడు పరికరాలు కూడా అమ్ముతున్నారు, కొన్నిచోట్ల పనిచేశాయంటారు, కొన్ని పరీక్షల్లో తేడానే కనపడలేదు. నేనైతే నా డబ్బు పెట్టను.

ప్రశ్న: సర్, ఫైనల్ ఇయర్ ఈసీఈ. లేక్ క్లీనింగ్ రోబో ప్రాజెక్ట్ చేద్దామనుకుంటున్నాం, నలుగురం. బడ్జెట్ 40 వేలు. టిప్స్ ప్లీజ్.
- విజయవాడ

జవాబు: తమ్ముడూ, క్లీనింగ్ మానెయ్, కొలిచేది చెయ్. నలభై వేలకి క్లీనింగ్ రోబో అంటే ఎగ్జిబిషన్‌లో టబ్బులో తిరిగే బొమ్మ అవుతుంది, కొలిచేదైతే నిజంగా పనికొస్తుంది.

రెండు పీవీసీ పైపులకి మూతలు బిగించి జంట పడవలా కట్టండి, బోల్తా పడదు. ప్రొపెల్లర్ నీళ్లలో వద్దు, పైన ఫ్యాన్ లాగా పెట్టండి, డెక్క చుట్టుకోదు, కాకపోతే గాలికి కొట్టుకుపోతుంది, పొద్దున్నే గాలి లేనప్పుడు తిప్పండి. ఫ్యాన్‌కి జాలీ బిగించడం మర్చిపోవద్దు, వేళ్లు పోతాయి. నడపడానికి ఆర్డుపైలట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులో పడవకి వేరే మోడ్ ఉంది, మ్యాపు మీద చెరువు హద్దు గీస్తే దారి అదే వేసుకుంటుంది. సెన్సర్లలో ముందు వేడి, కండక్టివిటీ కొనండి, చవక, మొండివి, దొంగ పైపుని పట్టించేవి ఈ రెండే. డబ్బు మిగిలితే డీవో. చవక పీహెచ్ ప్రోబుల జోలికి పోకండి, ప్రతి రెండు రోజులకీ క్యాలిబ్రేట్ చేయలేక చస్తారు.

అన్నిటికంటే ముందు చెరువు ఎవరి కింద ఉందో, మున్సిపాలిటీనా ఇరిగేషనా, కనుక్కుని పర్మిషన్ కాగితం తీసుకోండి. ఈత వచ్చినవాడు ఒకడు ఒడ్డున లైఫ్ జాకెట్‌తో ఉండాలి. పడవ ఆగిపోతే దాని కోసం నీళ్లలోకి దిగొద్దు, ముందే సన్నటి నైలాన్ తాడు కట్టి ఉంచండి.

ప్రశ్న: రోబోలు వస్తే చెరువుల్లో చెత్త ఎత్తే కూలీల పని పోదా?
- పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: పోయేంత రోబోలు ఇంకా రాలేదమ్మా. ఒక పడవ తిరగాలంటే దించేవాళ్లు, కడిగేవాళ్లు, చెత్త వేరుచేసేవాళ్లు ఎలాగూ కావాలి. నాకు బాధ వేరే. నడుముల్లోతు మురుగులో గ్లవ్స్ కూడా లేకుండా దిగి డెక్క లాగేవాళ్లని చూస్తుంటాం కదా, గాజు పెంకు గుచ్చుకుంటే ఆ పూట కూలీ పోయినట్టే. ఆ దిగడం మాత్రం పోతే పోనివ్వండి. వాళ్లనే ఒడ్డు మీద ఆపరేటర్లుగా పెట్టుకోమని టెండర్లో ఒక లైను రాయించడం కష్టమేమీ కాదు.

ప్రశ్న: అన్నీ బాగానే ఉన్నాయి గానీ సార్, రాత్రిపూట ఆ రోబోని ఎవడైనా ఎత్తుకుపోతే?
- అదే అపార్ట్‌మెంట్ కోశాధికారి గారి భార్య, హైదరాబాద్

జవాబు: ఎత్తుకుపోతారండీ, సందేహం లేదు. రోబోని కాదు, బ్యాటరీని, సోలార్ పలకని. నాకు తెలిసిన ఒక చెరువులో తెప్ప మీద పెట్టిన పరికరం మూడో రాత్రికే బ్యాటరీ లేకుండా దొరికింది, సెన్సర్లు మాత్రం భద్రంగా ఉన్నాయి, వాటి ధర తెలియక వదిలేశాడు పాపం. తర్వాత పరికరం కాపలా అక్కడ వల వేసుకునే వాళ్లకే అప్పజెప్పి నెలకి ఇంత అని ఇచ్చారు, పరికరం మీద పెద్ద అక్షరాలతో "ఇది చేపల కోసం" అని రాశారు. అప్పటి నుంచి పోలేదు. ఒక్కసారి మాత్రం ఫోనుకి రీడింగు రావట్లేదని వెళ్లి చూస్తే, సోలార్ పలక మీద ఎవరో చేపలు ఆరబెట్టుకున్నారు.